కాజాలక్క కునుకు

ఆ కుట్టు దుకాణంలో రోజూ ఒంటిగంటన్నరకి మిషన్లన్నీ నెమ్మదిస్తాయి. ఇస్త్రీ తాత పెట్టెని చప్పుడు కాకుండా దించుతాడు. కటింగ్ మాస్టారు కత్తెర పక్కన పెట్టి పేపరు తీస్తాడు. ఆయన బల్ల కింద, గుడ్డముక్కల మూట తలకింద పెట్టుకుని కాజాలక్క నిద్రపోతుంటుంది మరి. ఈ సంగతి ఒక్క యజమానికి తప్ప ఇంకెవరికీ తెలియదని ఆవిడ గట్టి నమ్మకం. గురకపెట్టే మనుషులకి ఇలాంటి నమ్మకాలు కాస్త ఎక్కువే.

కాజాలక్కకి యాభై ఎనిమిదేళ్ళు. బొత్తాం దూరే కాజాని చేత్తో కుట్టడంలో ఆవిడకి సాటి లేదు. మిషను కాజా నాలుగు ఉతుకులకే పీచులు లేస్తుంది. ఈవిడ కుట్టినది కోటు చివికిపోయినా చెక్కుచెదరదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు కాబట్టి కాస్త టెక్కు కూడా ఉంది.

పంతొమ్మిదేళ్ళ కిందట ఆవిడ తల్లి మంచాన పడింది. రాత్రంతా రెండేసి గంటలకోసారి లేచి ముసలావిడని పక్కకి తిప్పాలి. మధ్యాహ్నమయ్యేసరికి చేతిలో సూది రెండుగా కనబడేది. చివరికి యజమాని పెద్దాయన దగ్గరికి వెళ్ళి, "నలభై నిమిషాలు నడుం వాలుస్తానండీ, సాయంత్రం గంటసేపు ఎక్కువ కూర్చుంటా" అంది. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే. కానీ ఎవరికీ చెప్పకు. చెప్తే అందరూ అడుగుతారు" అన్నాడు.

నిజానికి అందరూ అప్పటికే అడిగేశారు. మాస్టారు పదకొండుకి వస్తాడు. ఇస్త్రీ తాత సోమవారాలు రాడు. ఒక్కొక్కరికీ ఒక్కో ఏర్పాటు, అందరికీ ఒకటే షరతు: ఎవరికీ చెప్పకు. ఎవరి గుట్టు ఏమిటో అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండడంలో మాత్రం ఆ దుకాణమంతా ఒక్క మాట మీద ఉండేది.

పదకొండేళ్ళ కిందట కాజాలక్క తల్లి పోయింది. జ్వరమని చెప్పి మూడు రోజులు సెలవు పెట్టి, నాలుగో రోజు వచ్చి సూది పట్టుకుంది. అమ్మ పోయిందని తెలిస్తే కునుకూ పోతుందని భయం. అంత ఏడుపులో ఆ లెక్క ఎలా తోచిందని ఆవిణ్ణి తప్పుపట్టకండి. అప్పుడే కదా మనిషికి నిద్ర మరీ కావాల్సింది. అది మొదలు పెద్దాయన వారానికోసారి "మీ అమ్మ ఎలా ఉంది?" అని అడగడం, ఈవిడ బల్లకేసి చూస్తూ "అలాగే ఉందండీ" అనడం. ముసలావిడ అలా తొంభై ఏడో ఏట పడింది.

ఈ ఏడు పెద్దాయన మోకాళ్ళు మొండికేసి ఇంటిపట్టున ఉండిపోయాడు. కూతురు వచ్చి కుర్చీలో కూర్చుంది. మంచి పిల్ల, కాకపోతే పద్ధతి మనిషి. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, "నాన్నతో మీకేమైనా ప్రత్యేకంగా ఏర్పాటు ఉందా?" అని అడిగింది.

"అబ్బే, ఏం లేదమ్మా" అన్నాడు మాస్టారు. "లేదు తల్లీ" అన్నాడు తాత. కాజాలక్క కూడా తల అడ్డంగా ఊపింది. అందరూ మాట మీద నిలబడ్డారు, నిలబడి నిండా మునిగారు. మర్నాడు గోడ మీద కాగితం వెలసింది. అందరూ తొమ్మిదికి రావాలి, ఆరుకి వెళ్ళాలి, మధ్యాహ్నం అరగంట భోజనానికి మాత్రమే.

వారం తిరిగేసరికి కాజాలక్క మగవాళ్ళ కోట్లు మూడింటికి ఎడమవైపు కుట్టాల్సిన కాజాలు కుడివైపు కుట్టేసింది. గుడ్డ కోసి కుట్టే పని అది. ఒకసారి కోశాక పూడ్చడం ఎవరి తరమూ కాదు. కూతురు కోట్లు ముందేసుకుని ఆవిణ్ణి పిలిచింది.

"ఏమైంది అక్కా? మీ చేత్తో తప్పు జరగడం నేనెప్పుడూ చూళ్ళేదు."

ఇంకో కోటు పాడైతే పని పోతుంది, నిజం చెబితే పరువు పోతుంది. చివరికి పనే నెగ్గింది. కాజాలక్క కునుకు సంగతి చెప్పేసింది.

"మీ అమ్మగారి కోసమా?"

అవునంటే సరిపోయేది. కానీ ఆ తొంభై ఏడేళ్ళ అమ్మని ఇంకా మొయ్యడం ఆవిడ వల్ల కాలేదు. "అమ్మ లేదమ్మా. పోయి పదకొండేళ్ళయింది. మీ నాన్నగారికి అబద్ధం చెప్పాను."

"నాన్నకి తెలుసు" అంది కూతురు. "ఆ రోజు నేనూ ఆయనతో ఉన్నాను. జ్వరమన్నారని చూడ్డానికి వచ్చాం. మీ గుమ్మంలో జనాన్ని చూసి, సంగతి తెలుసుకుని, వెనక్కి తిరిగాం. తనే చెబుతుందిలే అన్నారు నాన్న."

కాజాలక్కకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఇప్పుడు కునుక్కి కారణం ఏమని రాసుకోను?"

"నిద్రొస్తుందమ్మా. అంతే."

కూతురు పెన్ను మూసేసింది. "సరే, రాయనులెండి. ఒంటిగంటన్నరకి పడుకోండి. కానీ ఎవరికీ చెప్పకండి."

తలుపు తీసేసరికి దుకాణమంతా తలలొంచుకుని మహా శ్రద్ధగా పనిచేస్తోంది. ఇస్త్రీ తాత మాత్రం అప్పటికే తలుపు దగ్గర తన వంతుకి నిలబడ్డాడు.

ఆ సాయంత్రం కాజాలక్క పెద్దాయన ఇంటికి వెళ్ళింది. ఆయన కుర్చీ చూపించి, ఎప్పటిలాగే అడిగాడు. "మీ అమ్మ ఎలా ఉంది?"

"పోయిందండీ."

పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "అయ్యో. నువ్వు చాలా బాగా చూసుకున్నావమ్మా. రాత్రిళ్ళు నిద్ర లేకుండా చూసుకున్నావు" అన్నాడు. పదకొండేళ్ళుగా దాచి ఉంచిన పరామర్శ అది. కాజాలక్క అమ్మ నిన్ననే పోయినట్టు వెక్కివెక్కి ఏడ్చింది.

ఆయన కర్ర పట్టుకుని లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చేసరికి ఆవిడ కుర్చీలోనే నిద్రపోయి ఉంది, గురక కూడా మొదలైంది. పెద్దాయన గ్లాసుని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాడు.