కట్టయ్య పిలవని పేరు

తరిగొప్పుల అంగట్లో ఎవరైనా "ఓయ్" అన్నారంటే కట్టయ్య ఉన్నచోటే కూలబడిపోతాడు. చేతిలో టమాటాల సంచి ఉన్నా సరే, అలాగే కూర్చుంటాడు. తెలియనివాళ్లు ఫిట్సేమో అనుకొని తాళంచెవుల కోసం పరుగెత్తుతారు. తెలిసినవాళ్లు పక్కనుంచి పోతారు. పోక ఏం చేస్తారు? ఆయనను పట్టుకున్నది యాపమండకు దిగేది కాదు.

ఇప్పుడు నాలుగు మేకలు కాసుకుంటున్నాడు గానీ, ముప్పై ఏళ్లు జనగామ దారిలోని ఉప్పుడు బియ్యం మిల్లులో స్విచ్చి పని చేశాడు. పెద్ద కొలువేం కాదు. గోడకు ఒక పచ్చ బటన్, ఒక ఎర్ర బటన్. లారీల నుంచి వడ్లు కుమ్మరించే గుంత రెండు నిలువుల లోతు. అందులో గడ్డో గోనె పీలికో అడ్డుపడితే ఎవరో ఒకరు దిగి తీయాలి. మనిషి లోపల ఉండగా పచ్చ బటన్ నొక్కితే అడుగున వడ్లు జారతాయి, వాటితోపాటు మనిషీ జారతాడు. అందుకే హమాలీలు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఏ కాగితం మీదా లేదు అది. బటన్ నొక్కేముందు కట్టయ్య ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలవాలి, వాళ్లు పలకాలి.

"ఓ లచ్చయ్యా!"

"ఓయ్!"

"ఓ సోమ్లా!"

"ఓయ్!"

జవాబు రాకపోతే బటన్ లేదు. ఒకసారి సోమ్లా బీడీ తాగుతూ పరాచికానికి పలకలేదు. పావుగంట మిల్లు ఆగిపోయింది. సేటు వీరేశం గద్దె దిగివచ్చి బూతులు తిట్టినా కట్టయ్య వేలు కదలలేదు. "తిట్టుండ్రి సేటూ, మా సోమ్లా పలుకాలె," అన్నాడు. అట్లాంటి మనిషి!

అట్లాంటి మనిషి ఎట్లా చెడిపోయాడో వినండి. పదేళ్ల కింద సేటు ఒక గుత్తేదారును పట్టుకొని బీహార్ నుంచి కూలీలను తెప్పించాడు. వాళ్లు రేకుల షెడ్డులోనే వండుకుంటారు, అక్కడే పడుకుంటారు. పండుగ అనరు, సంఘం అనరు, ఊళ్లో చావైందని సెలవు అడగరు. ఇంకేం కావాలి సేటుకు? ఊరి హమాలీలు ఒక్కొక్కరే జారిపోయారు. సోమ్లా హైదరాబాదులో ఏదో అపార్ట్‌మెంటు గేటు దగ్గర కూర్చున్నాడు. లచ్చయ్య నడుము పడిపోయి బస్తాల మూతులు కుట్టే పనిలో మిగిలాడు. కట్టయ్యకు కడుపు మండింది. మండదా మరి! కానీ సేటు మీద మండితే కూడు పోతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఆ మంట బీహారోళ్ల మీద చూపాడు. వాళ్ల పేర్లు నేర్చుకోలేదు. అందరూ "భయ్యా"లే. బటన్ ముందు వేలు చూపిస్తూ తలకాయలు లెక్కపెట్టేవాడు, అంతే.

లాల్‌దేవ్ అనే పాతికేళ్ల వాడు వచ్చిన రోజే దగ్గరికొచ్చి తన పేరు చెప్పాడు.

"పేర్లతోటి నాకేం పని భయ్యా? తలకాయలు లెక్కవెడ్త, సాలదా?" అన్నాడు కట్టయ్య.

వాడు నవ్వి ఊరుకున్నాడు. లచ్చయ్య దగ్గర కూర్చొని పాత కట్టుబాటు సంగతి విన్నాడో ఏమో, మర్నాటి నుంచి కట్టయ్య వేలు తన మీదికి రాగానే "ఓయ్!" అని మిల్లు అదిరేలా అరిచేవాడు. మిగతావాళ్లు పడీపడీ నవ్వేవారు. "నిన్నెవడు పిలిచిండుర బై!" అని కట్టయ్య కసిరేవాడు. అట్లా రెండేళ్లు. కసురుతూ కసురుతూనే చెవికి అలవాటైపోయింది. ఆ ఓయ్ వినబడితేనే లెక్క పూర్తయినట్టు ఉండేది.

నిరుడు ఎండాకాలం, యాసంగి వడ్లు. లారీలు రోడ్డు దాకా బారులు తీరాయి. మిట్టమధ్యాహ్నం గుంత అడ్డుపడితే కూలీల్లో ఒకడు తీయడానికి దిగాడు. సేటు "ఇంకెంతసేపు, ఇంకెంతసేపు" అని గంతులేస్తున్నాడు. దిగినవాడు పైకొచ్చి ఉంటాడని కట్టయ్య వేలు తిప్పాడు. తలగుడ్డలు, దుమ్ము కొట్టుకుపోయిన మొఖాలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆరో తలకాయ లారీ క్లీనరుది, ఎండకు తువ్వాల కప్పుకొని నీడకొచ్చి నిలబడ్డాడు. ఆరుగురు కూలీలకు ఆరు తలకాయలు, లెక్క సరిపోయింది.

ఓయ్ మాత్రం రాలేదు.

కట్టయ్య వేలు బటన్ మీద ఒక్క క్షణం ఆగింది. ఆగిందని ఆయనకు తెలుసు. "ఇయ్యాల వీనికి బుద్ధొచ్చినట్టుంది," అనుకొని నొక్కాడు.

గుంత పక్క గోడ పగలగొట్టి లాల్‌దేవ్‌ను తీసేసరికి అంతా అయిపోయింది.

ఆ సాయంత్రం సేటు వచ్చి కట్టయ్య భుజం మీద చేయేశాడు. ముప్పై ఏళ్లలో ఎన్నడూ వేయని చేయి. "తాగి, ఎవ్వలకు చెప్పకుండ దిగిండు. నువ్వు లెక్క చూసినవ్, ఆరుగురున్నరు. పోలీసాయనకు గంతే చెప్పు. నీ తప్పులేదు, నా తప్పులేదు."

కట్టయ్య తల ఊపాడు. ఇంటికి పోయి కంచం ముందు కూర్చుంటే అన్నం ముద్ద నోట్లోకి పోలేదు. భార్య కనకలక్ష్మి చాటలో బియ్యం చెరుగుతుంటే, వడ్లు జారినట్టున్న ఆ చప్పుడుకు లేచి బజారుకు పరుగెత్తాడు. మూడు రోజులు అదే వరస. ప్రతి పలుకు వెనకా వాడి ఓయ్. కనకలక్ష్మి దిష్టి తీసింది, మైసమ్మకు మొక్కింది. చివరికి విసిగి అడిగింది.

"దయ్యమైతే ఇన్ని దినాలల్ల దిగకపోవునా? నీ కడుపుల ఏదో ఉన్నది. ఏంది గది?"

ఆయన గోడకు తిరిగి పడుకున్నాడు.

నాలుగో రోజు లాల్‌దేవ్ భార్య వచ్చింది, మరిదిని వెంటబెట్టుకొని, రెండు రైళ్లు మారి. శవం ఇంకా దవాఖానలోనే ఉంది. సేటు గదిలో ఎస్సై కాగితాలు ముందేసుకొని కూర్చున్నాడు. తాగి తనంతట తాను దిగాడని రాస్తే ఆమెకు నష్టపరిహారం ఏమీ రాదు, ఒట్టి శవం తీసుకొని పోవడమే. ఆ పిల్ల కొంగు నెత్తిమీదికి లాక్కొని గోడవారగా నిలబడింది. ఎవరి వైపూ చూడకుండా హిందీలో అడిగింది. ఇన్నేళ్ల మిల్లు హిందీ కట్టయ్యకు అన్ని మాటలూ చెప్పింది.

"మా ఆయన ఫోన్లో అనేవాడు. ఇక్కడ ఒక కాకా ఉన్నాడు, నేను పలికిందాకా మిషను నడపడు, నువ్వు భయపడకు అని. ఆ కాకా ఎవరు?"

  రెండేళ్లు కట్టయ్య కసిరిన పిలగాడు, ఆయననే చూపించి పెళ్లానికి ధైర్యం చెప్పుకున్నాడు! సేటు కళ్లతో వద్దు వద్దు అంటూనే ఉన్నాడు.

"నేనేనమ్మా," అన్నాడు కట్టయ్య. ఎస్సై వైపు తిరిగాడు. "రాసుకోండ్రి సార్. ఆ పిలగాడు తాగలే. ఎన్నడు తాగంగ నేను సూడలే. పేరుపెట్టి పిలిచే కట్టుబాటుండె, నేనే ఇడిసిపెట్టిన. ఆ దినం ఆయన పలుకలే. పలుకలేదని నాకు ఎరుకైంది. ఎరుకయ్యే నొక్కిన."

ఎస్సై కలం ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది.  గుమ్మంలో నిలబడ్డ లచ్చయ్య తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు.

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నారు, తిడుతుందనుకున్నారు. ఒక్కటే అడిగింది. "ఆయనను ఒకసారి పేరుపెట్టి పిలువు కాకా. ఆయన ప్రాణం ఇక్కడే ఆగిపోకుండా నా వెంట ఇంటికి తీసుకుపోతాను."

కట్టయ్య స్విచ్చి దగ్గరికి నడిచాడు. ఐదుగురు బీహారోళ్లు గుంత చుట్టూ చేరారు. ఇరవై ఏళ్లు పేర్లు పిలిచిన గొంతు, ఇన్నేళ్లకు మళ్లీ ఒక పేరు పిలిచింది. 

"ఓ లాల్‌దేవ్!"

రేకుల మీద పావురాలు లేచిపోయాయి.  కాసేపటికి ఆ పిల్ల గుంతకు దండం పెట్టి మరిది వెంట వెళ్లిపోయింది. బయట లారీలు హారన్లు కొడుతున్నాయి. పగలగొట్టిన గోడ పూడ్చి, గుంత మీద కొత్త ఇనుప జాలీ బిగించారు కనుక మిల్లు నడుపుకొమ్మన్నారు పోలీసులు.

"అయిందేదో అయింది, ఇగ నడుపు," అన్నాడు సేటు.

"పలుకలే సేటూ," అన్నాడు కట్టయ్య.

పొద్దుగూకేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత చెప్పులు తొడుక్కొని ఇంటికి నడిచాడు. మళ్లీ ఆ బటన్ ముట్టలేదు.