షావుకారు మామ తడిపి చూసిన చదువు

బి.ఇడి. పట్టా చేతికొచ్చిన ఆ రోజుల్లో, నాకు తెలియని విషయం ప్రపంచంలో ఏదీ లేదని నా గట్టి నమ్మకం. (అంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ బతకలేదు.) చూసేవాళ్ళకు మాత్రం ప్రొద్దుటూరులో ఉద్యోగం సద్యోగం లేకుండా తిరిగే పిల్లను. మా వీధిలోనే బట్టల అంగడి నడిపే షావుకారు మామ ఒకరోజు నన్ను పిలిచి తన పిల్లలిద్దరి చదువూ నా చేతిలో పెట్టాడు. కొడుకు ఏడో తరగతి, కూతురు ఎనిమిదిలోకి రావాలి. కరోనా కాలంలో ఇంట్లో చదవడానికి అలవాటుపడిన పాపను హాస్టల్లో వేస్తే పదిరోజులకే జ్వరంతో తిరిగొచ్చింది. ఇంట్లోనే చదువుకుని ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాస్తానని ఆమె పట్టు. చరిత్రంటే ప్రాణం, లెక్కలంటే గుండెదడ.

"చరిత్రను పట్టుకునే లెక్కలూ సైన్సూ అన్నీ నేర్పే పద్ధతులున్నాయి మామా," అన్నాను గొప్పగా. "ఉంటే ఎతుక్కరా మా. నాకు నచ్చితే పాప ఈడ్నే ఉంటాది. లేదంటే జూన్‌లో హాస్టలే," అన్నాడు. తలుపు పక్కన నిలబడి పాప నా వైపు చూసిన చూపుకు ఆ పూట నాకు అన్నం సహించలేదు.

చరిత్రతోనే అన్నీ నేర్పే రెండు రకాల పుస్తకాల కట్టలు తెప్పించాను. ఒకటి తళతళలాడే విదేశీ సరుకు, రెండోది ఢిల్లీది. రాతియుగం నుంచి నేటి దాకా మూడేళ్ళ పాఠాలను రంగురంగుల పెన్నులతో చార్టు మీద రాసి వాళ్ళ నడవలో అతికించాను. మామ వాళ్ళమ్మ, అంటే పిల్లల జేజి, కళ్ళద్దాలు పెట్టుకుని దాన్ని కొస నుంచి కొసకు చూసింది. "ఇందులో మన గండికోట ఎప్పుడొచ్చాది మా?" "మూడో ఏడు ఫిబ్రవరిలో జేజీ." "అంతవరకు నేనుండద్దూ!"

కొత్త మిల్లు సరుకొస్తే మామ ఓ ముక్క చించి నీళ్ళలో నానబెట్టేవాడు. రంగు దిగినా, గుడ్డ కుదించుకుపోయినా ఆ మిల్లుకు ఓ నమస్కారం. చదువుకూ అదే న్యాయమన్నాడు. "ఒగోదాంట్లో ఒగో పాఠం చెప్పు. ఎనిమిదిరోజులు పుస్తకం మూసిపెట్టు. అప్పుడు నేనడుగుతా, ఎంత నిలిచిందో చూజ్జాం."

విదేశీ పాఠం నుంచి చిన్నోడికి నిలిచింది ఒక్కటే: ఈజిప్టువాళ్ళు శవం మెదడును ముక్కులోంచి కొక్కెంతో ఎలా లాగేవాళ్ళో. అది భోజనాల దగ్గర వివరించాడు. జేజి సంగటి సగంలో వదిలేసి లేచిపోయింది. ఢిల్లీ పాఠంలోని రాజవంశాలన్నీ పాప గడగడా అప్పజెప్పింది. "బాగుంది. లెక్క యాడ?" అన్నాడు మామ. "రెండో పుస్తకంలో ఉంది," అన్నాను. "ఆ పుస్తకం యాడ?" "ఇంకా రాలేదు మామా." పాప తల దించుకుంది.

జూన్‌కు రెండు వారాలే ఉంది. దిక్కుతోచక పాఠం నేనే తయారుచేశాను. అంగట్లోని మీటరు కడ్డీ పట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో గండికోట చేరాం. (జేజి కూడా. ఇంట్లో ఉండమంటే అలిగింది.) పాత ధాన్యాగారాన్ని పిల్లలు కొలిచారు. అందులో ఎన్ని మూటలు పడతాయో నేను టకటకా లెక్కేసి ప్రకటించాను. "ఇంత కోటకు ఇన్నేనా? ఆ రాజులు ఒక్కపొద్దులుంటాన్నారా ఏంది?" అంది జేజి. "లెక్క అబద్ధం చెప్పదు జేజీ," అన్నాను పెద్ద మేధావిలా. తనకిష్టమైన కోటలో జనం పస్తులుండటం పాపకు నచ్చలేదు. కప్పు వైపు చూసింది, నా కాగితం వైపు చూసింది. కోట చూడటానికొచ్చిన వాళ్ళంతా తిరిగి చూసేలా అరిచింది: "అక్కా! పొడుగూ వెడల్పూ గుణించి వదిలేసినావు. ఎత్తు ఏదీ?"

ఎనిమిదిరోజుల తర్వాత అంగట్లో పరీక్ష. నా తప్పు సంగతి చెప్పొద్దని పాపకు కళ్ళతోనే దణ్ణం పెట్టాను. పాప అసలు నన్ను చూస్తేనా! "అక్క ఎత్తు మర్చిపోయింది నాయినా! నేనే కనిపెట్టినా!" అంటూ బిల్లు కాగితం వెనక లెక్కంతా మళ్ళీ వేసి చూపింది. చీరలు కొనడానికొచ్చిన ఆడవాళ్ళు పకపకా నవ్వారు. నా ఉద్యోగం పోయింది సరే, నా మూలంగా పాప కూడా హాస్టల్ పాలయిందని ఏడుపొచ్చింది. మామ ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"లెక్కంటే ఏడ్చే పిల్ల పంతులమ్మ లెక్కలో తప్పే పట్టుకునిందే! ఇంగ హాస్టలు వద్దులే," అని నా వైపు తిరిగాడు. "నువ్వు ఇట్నే తప్పులు చేస్తాండు మా!" పాప వచ్చి నన్ను కరుచుకుపోయింది. ఇద్దరం చీరల మధ్య నిలబడి నవ్వుతూ ఏడ్చాం.

ఇప్పుడు పులివెందులలో ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. ప్రతి లెక్కా ముందురోజే రెండుసార్లు సరిచూసుకుంటాను కాబట్టి తప్పులు దొరకవు. పిల్లలు నోరెత్తకుండా బుద్ధిగా రాసుకుంటారు. అప్పుడప్పుడూ బోర్డు వైపు తిరిగి నిలబడి, ఎత్తు మరిచిపోయిన ఆనాటి పంతులమ్మను తలుచుకుని నవ్వుకుంటాను. నాకంటే ఆమే మంచి టీచరు.