భీమిలిలో ఊరికే వచ్చిన చేపలు

ఎనభైల్లో, భీమిలి ఒడ్డున మూడు రూపాయలు మిగల్చడానికి తిరుగు రైలునే వదిలేసిన మొనగాణ్ని నేను. సముద్రం ఎరగని సిరొంచలో, కిరాణా కొట్టులో పెరిగినవాణ్ని మరి! సముద్రపు చేప ఒక్కసారైనా తినాలని నా భార్య కోరిక. చేపలమ్మే ముసలమ్మ ఐదంది, నేను రెండు దగ్గర బిగుసుకున్నాను.

"అంత ఓపికుంటే వల తాడట్టు బాబూ. లాగినోళ్లకి వాటా ఊరికే ఇత్తాం," అంది ముసలమ్మ.

"మూడు రూపాలకు గింత పంచాదా? రైలు పోతది, ఇచ్చి పడేయుండ్రి!" అంది నా భార్య.

నేను వినలేదు. జాలర్ల వరసలో నిలబడి లాగాను. విసుక్కుంటూనే ఆమె కూడా తాడు పట్టింది. వల ఒడ్డుకొచ్చాక, ఏ ఊరని కూడా అడగకుండా, వాళ్లతో సమానంగా మా ఇద్దరికీ చెరో కుప్ప పోశారు. ముసలమ్మే వండిపెట్టింది.

"నా కుప్పే పెద్దగ ఉండె," అంది నా భార్య, ముల్లు తీస్తూ.

అసలు లెక్క ఇది: చేపలు ఊరికే. పోయిన రైలు టికెట్లు ఎనభై, లాడ్జి పదిహేను, అరచేతి బొబ్బలకు మందు రెండు. ముసలమ్మకు ఐదు, బేరం లేకుండా.