దానంతటదే తగ్గిన ఒళ్లు

అరవై దాటాక ఆ దర్జీ ఆవిడకు ఒళ్లు తగ్గించుకోవాలన్న పట్టుదల వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం, కుట్టుమిషను ముందు నుంచి లేవబోతే మోకాళ్ల నొప్పి. తీపి మానేసింది. పొరుగింటావిడను తోడు చేసుకుని పొద్దున్నే నడిచింది. మొదట్లో ఎంత చెమటోడ్చినా బరువు కదల్లేదు. ఆ తరవాత దానంతటదే తగ్గడం మొదలుపెట్టింది. అందరి బట్టలూ పక్కన పెట్టి తన బట్టలకే కుట్లు బిగించుకోవలసి వచ్చేది. "ఆ కిటుకేదో నాకూ చెప్పక్కా!" అని పొరుగింటావిడ వెంటపడేది. ఆమె నవ్వి మాట మార్చేది. మోకాళ్ల సాకుతో నడక మానేసి అప్పటికే నెలయింది. ఎవరూ చూడకుండా మిఠాయి కూడా తింటోంది.

ఒక సాయంత్రం, బిగించిన బట్టలు తొడుక్కుని అద్దం ముందు నిలబడిన ఆమెను చూసి భర్త మురిసిపోయాడు. "పెళ్లినాటి పిల్లలా ఉన్నావే! పట్టుబట్టి సాధించావు."

"నేనేం సాధించలేదండీ," అంది ఆమె వెనక్కి తిరక్కుండానే. "నడక మానేశాను. కడుపునిండా తింటున్నాను. అయినా తగ్గిపోతున్నాను. నాకు భయంగా ఉంది."

ఆయన దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఎముక గట్టిగా తగిలింది.

"పద, డాక్టరు ఇంకా వెళ్లిపోయి ఉండడు," అంటూ చెప్పుల కోసం వెతకసాగాడు. అవి కాళ్ల ముందే ఉన్నా ఆయనకు కనిపించలేదు.