పిట్ట ముట్టని బువ్వ

ఎవరికైనా దయ్యం పట్టిందంటే ముందు రక్తపరీక్ష చేయించండి అనే రకం నేను. పెద్దపల్లిలో ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజర్‌ని. గోదాంలో ఏదో తిరుగుతోందని హమాలీలు భయపడితే, టార్చి పట్టుకుని పోయి పందికొక్కును చూపించి వచ్చినవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. కానీ కరీంనగర్ కోర్టులో, పట్టపగలు, అందరి ముందు మా అక్క నోటి నుంచి వచ్చిన మాటలకు నా దగ్గర జవాబు లేదు.

మా బావ రాజేశం సిరిసిల్లలో సాంచెలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర అలాగే అంటారు. మంచివాడే, కానీ నిజం చెప్పే పిచ్చి ఒకటి ఉండేది. గుడ్డలో ఎక్కడైనా పోగు తెగి మచ్చ పడితే, సేటు చూడకముందే తనే చూపించేవాడు. ఎడమచేత్తో చెవి వెనక గోక్కుంటూ, "ఇగో సేటూ, గిది నా తప్పే" అని మొదలుపెట్టేవాడు. కూలి కోసేవారు. ఇంటికొస్తే అక్క తిట్టేది. నేనైతే హరిశ్చంద్రుడొచ్చాడని ఆటపట్టించేవాణ్ణి. నవ్వి ఊరుకునేవాడు.

ఒకరోజు పొద్దున మోటార్ సైకిల్ మీద డ్యూటీకి పోతుంటే ఊరి బయట ట్రాక్టర్ గుద్దింది. ఆసుపత్రికి తెచ్చేసరికే ప్రాణం లేదు. అక్క చూసింది అక్కడే, ముసుగు తీసి.

ట్రాక్టర్ నడిపింది శ్రీను అనే చిన్న రైతు. బండి అతనిదే, నీలం రంగుది. ఇన్సూరెన్స్ ఎప్పుడో అయిపోయింది. అంటే కేసు గెలిచినా ఇచ్చేవాడు లేడు. పెద్దమనుషులు కూర్చుని ఉపాయం చెప్పారు. శ్రీను మేనమామకు ఎర్ర ట్రాక్టర్ ఉంది, దానికి ఇన్సూరెన్స్ ఉంది. కాగితాల్లో ఆ బండిని పెడితే కంపెనీ కడుతుంది. దీన్ని మా వైపు బండి మార్చడం అంటారు. "పోయినోడు ఎట్లా రాడు. ఆడపిల్లలు బతకాలె గద" అన్నారు. మాకూ సబబుగానే తోచింది. అక్క బీడీలు చుట్టి ఇద్దరు పిల్లలను సాకాలి. పెద్దపిల్ల మౌనికకు అప్పుడే నర్సింగ్‌లో సీటు వచ్చింది. అప్పు చేసి చేర్పించాం. ఆ సీటు నిలబడాలంటే ఈ కేసు గెలవాలి. అంతే లెక్క.

మూడోనాడు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి దూరంగా నిలబడతాం. కాకి ముట్టిందంటే పోయినవాళ్లు తృప్తిగా ఉన్నట్టు. ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయిందని, ఒక్కొక్కరూ ముందుకొచ్చి మాట ఇస్తారు. ఆరోజు కాకులు కరెంటు తీగ మీద వరుసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. పిల్లల చదువు చూస్తామన్నాం, అక్కను చూసుకుంటామన్నాం, ఇల్లు నిలబెడతామన్నాం. బండి మాట మాత్రం ఎవరం ఎత్తలేదు. ఎండ ముదిరాక ఆ బువ్వ ఆవుకు పెట్టి వచ్చేశాం. ఎండకు దిగలేదులే అనుకున్నాను.

తర్వాత పెత్రమాసలకూ, అంటే పెద్దలకు పెట్టే అమావాస్యలకూ అంతే. అక్క డాబా మీద ఆకు పెట్టేది, సాయంత్రానికి మెతుకులు ఎండిపోయి ఉండేవి.

కేసు నడిచింది. అక్కను ప్రశ్నించే రోజు వచ్చింది. మా వకీలు ముందే చెప్పి ఉంచాడు. "చూడలేదు కదా, ఏ ట్రాక్టరో మీకెట్లా తెలుసు?" అని కంపెనీ వకీలు అడుగుతాడు, "చూసినవాళ్లు చెప్పిన్రు, ఎర్ర ట్రాక్టర్" అనాలి. అక్క బస్సులో కూడా అదే గొణుక్కుంటూ వచ్చింది.

శ్రీను ప్రతి వాయిదాకూ వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడేవాడు. ఎవరు ఏం చెప్పేస్తారోనని అతని భయం. ఆరోజూ ఉన్నాడు.

అనుకున్న ప్రశ్నే వచ్చింది. అక్క ఎడమచెయ్యి పైకి లేపి చెవి వెనక గోక్కుంది.

"ఇగో సారూ, గా పిలగానిది తప్పు లేదు. టిఫిన్ డబ్బా మరిచిన. ఎనుక సూడకుంట నేనే నా బండి మలిపిన. నీలం ట్రాక్టరు. దిగి ఉరికొచ్చిండు. తన తువ్వాల నా తలకింద పెట్టిండు. 'అన్నా, పానం పోనియ్యకే' అని ఏడ్సిండు."

గొంతు అక్కదే. మగగొంతు అని నేను చెప్పను. కానీ అంత నిదానంగా అక్క ఎప్పుడూ మాట్లాడలేదు. వెనక్కి చూస్తే శ్రీను కింద కూర్చుండిపోయి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడుస్తున్నాడు.

బయటికి వచ్చాక అక్క కొంగుతో చెమట తుడుచుకుని నన్ను అడిగింది. "సక్కగనే సెప్పిన గద తమ్మీ? ఎర్రది అన్న గద?"

మా వకీలు ఫైలు చంకలో పెట్టుకుని, మా వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

సాయంత్రం శ్రీను బస్టాండుకు వచ్చాడు. "మా ఇంట్లదానికి గూడ సెప్పలే అన్నా. గా తువ్వాల కాలువల పడేసిన. అక్కకు ఎవలు సెప్పిన్రు?" అన్నాడు. కోర్టులో తన నోటి నుంచి ఏమొచ్చిందో ఆ రాత్రి ఇంటికి పోయాక నేనే అక్కకు చెప్పాను.

కేసు కొట్టేశారు. ఫీజు కట్టలేక మౌనిక సీటు వదులుకుంది. హాస్టల్ నుంచి ట్రంకు పెట్టె నేనే మోసుకొచ్చాను. ఇప్పుడు తల్లి పక్కన కూర్చుని బీడీలు చుడుతోంది. శ్రీను పంట వచ్చినప్పుడల్లా బియ్యం తెచ్చి గడపలో దించి పోతాడు. అక్క తీసుకుంటుంది. తీసుకోక ఏం చేస్తుంది?

నేను చాలా రకాలుగా ఆలోచించాను. డబ్బా ఇంట్లో మరిచిపోయాడని అక్కకు తెలుసు, అది గూట్లో ఇంకా అలాగే ఉంది. ఆ బాధే లోపల పేరుకుని ఉంటుంది. మనసు మీద భారం ఎక్కువైతే అలా అవుతుందని డాక్టరు కూడా అన్నాడు. సరే. మరి తువ్వాల? శ్రీను ఏడ్చిన మాట? అక్కడ నా తెలివి ఆగిపోతుంది. అందరి ముందు చెప్పుకుని బావ నిమ్మళంగా ఉన్నాడేమో తెలియదు. ఆయనంటే ఇప్పటికీ ప్రేమే నాకు. కానీ మౌనిక చేతిలో బీడీల చాట చూసినప్పుడల్లా ఆయన మీద కోపం వస్తుంది.

కేసు పోయాక వచ్చిన పెత్రమాసకు నేను అక్క దగ్గరే ఉన్నాను. డాబా మీద ఆకు పెట్టి చెయ్యి వెనక్కి తీసుకోకముందే కాకి దిగింది. మాకు బెదరలేదు. తాపీగా తినసాగింది.

నేను దండం పెట్టబోయాను. అక్క నా చెయ్యి పట్టి ఆపింది. కాకి వంకే చూస్తూ అంది.

"నీ కడుపు నిండిందా? నీ బిడ్డ సదువు పోయింది. గది గూడ తింటున్నవు, తిను."

అది మెతుకు మిగల్చకుండా తిని ఎగిరిపోయింది.