గేటమ్మ కోరుకున్న ఏడుపు

ఆ సినిమా హాలు నడిచినన్నాళ్లూ ఆడవాళ్ల గేటు దగ్గర టిక్కెట్లు చింపింది ఒకే మనిషి. అందరూ ఆవిణ్ణి గేటమ్మ అనేవారు. టిక్కెట్టు ఎవరైనా చింపుతారు, అదేమన్నా బ్రహ్మవిద్యా! గేటమ్మ అసలు పనితనం ఏడ్చే పిల్లల దగ్గర బయటపడేది.

తెర మీద నాయిక కష్టాలు మొదలవడమే ఆలస్యం, లోపల ఏదో ఒక పసిగుడ్డు రాగం అందుకునేది. “ఆ పిల్లని బయటికి తీసుకుపొండమ్మా!” అని వెనక నుంచి కేకలు. పాపం ఆ తల్లి ముఖం చిన్నబుచ్చుకుని బయటికొచ్చేది. గేటమ్మ చేతులు చాచేది.

“ఇలా తే. నువ్వెళ్లి ఆ కథ చూసుకో, దీని కథ నేను చూస్తా.”

అరచేతి కింద టార్చిలైటు వెలిగించి వేళ్లు ఎర్రగా మెరిపించేది. చింపిన టిక్కెట్టు ముక్కలు పిల్ల నెత్తిన చల్లేది. ఎంత మొండిఘటమైనా ఇంటర్వెల్ లోపల నవ్వాల్సిందే. ఊరుకున్న పిల్లే మంచి పిల్ల అని గేటమ్మ సిద్ధాంతం.

ఊళ్లోవాళ్ల పిల్లలందరినీ ఊరుకోబెట్టే ఈ మహాతల్లికి సొంత కూతురి దగ్గర మాత్రం పప్పులుడికేవి కావు. దాని గొంతు అలాంటిది మరి. మేడమీద మిషను గదిలో రీళ్లు తిప్పే వాళ్ల నాన్నకి కూడా వినపడేది. ఆయనే దానికి సైరన్ అని పేరు పెట్టాడు.

సైరన్‌కి ఇంకా రెండేళ్లు నిండలేదు. ఒకరోజు పొద్దున్నే తాగిన పాలు భళ్లున కక్కేసింది. ఒళ్లు వెచ్చబడింది. ఆ వెనకే విరేచనాలు, ఉత్త నీళ్లే. నీళ్లు పడితే నీళ్లే పోతున్నాయని గేటమ్మ తాగించడం మానేసింది. ఆవిడ తెలివి అక్కడికి అలా పనిచేసింది, ఏం చేస్తాం! కొత్త సినిమా, సెలవు దొరకదు. పిల్లని చంకనేసుకుని హాలుకొచ్చి, గేటు పక్క బల్ల మీద పడుకోబెట్టింది.

మధ్యాహ్నం ఆటకి సైరన్ మూగబోయింది. కిక్కురుమనకుండా పడుకుంది. వచ్చేపోయేవాళ్లు ఆశ్చర్యపోయారు. “ఇవాళ ఎంత బుద్ధిగా ఉందే!” అన్నారు. గేటమ్మ పొంగిపోయింది. “నా కూతురు కదూ, ఇన్నాళ్లకి దారికొచ్చింది” అంది.

అన్నం క్యారేజీ పట్టుకుని అత్తగారు వచ్చింది. వస్తూనే మనవరాలి ఒంటి మీద చెయ్యేసింది. పిల్ల నోరు తెరిచి సన్నగా మూలిగింది. ముఖమంతా ఏడుపే గానీ కళ్లు ఎండిపోయి ఉన్నాయి.

“ఏవే, ఇది ఉచ్చ పోసిందా?”

“పొద్దుట్నించీ లేదత్తయ్యా.”

“ఓసి పిచ్చిమొహమా! ఇది బుద్ధి కాదే, నీరసం! కళ్లు ఎలా గుంటలు పడ్డాయో చూడు. ఏడవందే తల్లైనా పాలివ్వదంటారు. దీనికి ఏడవటానికే ఓపిక లేదు కదే!”

గేటమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. టిక్కెట్లు ఎక్కడివక్కడ వదిలేసి, పిల్లని ఎత్తుకుని వీధి మలుపులోని ఆస్పత్రికి పరుగెత్తింది.

డాక్టరమ్మ పిల్ల పొట్ట మీద చర్మం పట్టి వదిలింది. అది మెల్లగా గానీ సర్దుకోలేదు. “నీళ్లు తాగించావా?” అని అడిగింది.

“తాగిందంతా పోతోందండీ, అందుకే...”

“అదేనమ్మా తప్పు. వైరస్ పేగు లోపలి పొరని దెబ్బతీసింది. తాగిన నీళ్లని ఒంట్లోకి లాక్కోవాల్సింది ఆ పొరే. అది సరిగ్గా పనిచెయ్యక నీళ్లూ, ఉప్పూ బయటికి పోతున్నాయి. మనం పోయకపోతే ఒళ్లు ఎండిపోతుంది. ముందు ఉచ్చ తగ్గుతుంది, కన్నీళ్లు ఆగిపోతాయి, తర్వాత మగత. వైరస్ దానంతటదే పోతుంది. అది పోయేదాకా పిల్లలో నీళ్లు నిలబడాలి, అంతే.”

ఉప్పూ చక్కెరా ఉన్న పొట్లం నీళ్లలో కలిపించింది. ఆ రెండూ కలిసి వెళ్తే, దెబ్బతిన్న పేగు కూడా నీళ్లని లాక్కుంటుందట. “గ్లాసుతో పొయ్యకు, కక్కేస్తుంది. చెంచాతో పట్టు. కక్కితే కాసేపాగి మళ్లీ మొదలెట్టు. సాయంత్రానికి తేరుకోకపోతే సూది గుచ్చి సెలైన్ ఎక్కించాలి. ఇంకా ఆలస్యం చేసుంటే నా చేతుల్లో కూడా ఉండేది కాదు” అంది.

గేటమ్మ చెంచా పట్టుకుంది. పట్టింది, పిల్ల కక్కింది. ఆగింది, మళ్లీ పట్టింది. ఎందరి పిల్లలనో ఊరుకోబెట్టిన ఆ నోట ఇప్పుడు ఒకటే వేడుకోలు. “ఏడవ్వే నా తల్లీ, ఒక్కసారి ఏడు. నిన్ను ఇంకెప్పుడూ ఊరుకోమనను.”

కిటికీలో ఎండ వాలిపోతుండగా సైరన్ ఆ ఉప్పటి చెంచాని చేత్తో విదిలించి కొట్టింది. ఊపిరి ఎగబీల్చి, ఆస్పత్రి కప్పు ఎగిరిపోయేలా ఏడుపు లంకించుకుంది. కంటి కొసన ఒక బొట్టు ఊరింది. గేటమ్మ దాన్ని వేలికొసతో అద్ది, దీపానికెత్తి చూసుకుంది.

“ఆ పిల్లని కాస్త ఊరుకోబెట్టండమ్మా!” అని పక్క మంచం నుంచి ఎవరో విసుక్కున్నారు.

“ఊరుకోబెట్టను! ఏడవనీ!” అని గేటమ్మ ఒంటికాలి మీద లేచింది. అని తనూ భోరుమంది.

ఇదంతా ఎప్పటి మాటో. రీళ్లు పోయాయి, తిప్పిన ఆయనా పోయాడు. మొన్న ఆ హాలుని కూలగొడుతుంటే తల్లీ కూతుళ్లు ఎదురు గట్టు మీద నిలబడి చూశారు. ఆడవాళ్ల గేటు వంగిపోయింది. ఆ తర్వాత మేడమీది మిషను గది గోడ విరిగి పడింది. నాన్న గది అలా నేలకూలేసరికి సైరన్‌కి దుఃఖం ఆగలేదు. తలలో తెల్లవెంట్రుకలు వచ్చినా గొంతు మాత్రం అదే. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు.

గేటమ్మ వేలు చాచి, కూతురి కంటి కింద అద్ది చూసుకుంది.

“ఏంటమ్మా ఇది? చిన్నప్పట్నించీ చూస్తున్నా. అందరి పిల్లలనీ ఊరుకోబెట్టేదానివి, నన్ను ఒక్కసారైనా ఊరుకోమన్నావా?”

“నీకు మాటిచ్చానే” అంది గేటమ్మ. “నీకు గుర్తుండదులే. ఏడు తల్లీ, నీ ఇష్టమొచ్చినంత ఏడు.”