నికిల్ కత్తెర

పూతపని కార్ఖానాలో అతని అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ అతను తళుకు. తుప్పుపట్టిన తలుపు గడియ పొద్దున అతని చేతిలో పెడితే, సాయంత్రానికి అందులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. జిడ్డు పూర్తిగా వదిలేదాకా ఇనుమును కడగాలి, యాసిడ్‌లో ముంచి తీయాలి, మళ్ళీ కడగాలి, ఆ పైన పచ్చటి నికిల్ నీళ్ళ తొట్టిలో వేలాడదీసి కరెంటు పెట్టాలి. ఈ పనిలో తొందరపడ్డవాడి పూత నాలుగు వానలకే పొలుసులు లేస్తుంది. తళుకు వేసిన పూత లేవదు. ఆ సంగతి అతనికి తెలుసు. తనకు తెలుసని పదిమందికీ తెలియాలన్న సరదా కూడా లేకపోలేదు.

అతని భార్య బట్టలు కుట్టేది. వీధివైపు గదిలో కిటికీ పక్కన మిషను, గోడవారగా కత్తిరింపుల బల్ల. కోట్లు కుట్టడంలో ఆవిడ పెట్టింది పేరు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ చేతిలో ఒక నల్లటి ఇనుప కత్తెర ఉండేది. "తళుకు పెళ్ళాం ఈ కత్తెర పట్టుకుందంటే నవ్విపోతారు" అని ఒకరోజు అతను దాన్ని కార్ఖానాకి పట్టుకెళ్ళాడు. నికిల్ పూతవేసి, మెరుగుచక్రం మీద తనే సానపెట్టి తెచ్చాడు. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఇనుప టోపీ కూడా అలాగే మెరిపించి తెచ్చాడు. పక్కవీధిలో ఉండే మరదలు వచ్చి చూసి, "బావ తన ప్రేమనంతా తొట్టిలో ముంచి తీసినట్టున్నాడే అక్కా!" అని పకపకా నవ్వింది. భార్య మాత్రం పని అయ్యాక రోజూ ఆ కత్తెరను మెత్తటి గుడ్డలో చుట్టి దాచుకునేది.

కొన్నేళ్ళు బాగానే గడిచింది. తర్వాత ఆవిడ బొటనవేలి మొదట్లో దురద మొదలైంది. ముందు ఎర్రబడింది, తర్వాత చిన్నచిన్న నీటి పొక్కులు లేచాయి, అవి చితికి చర్మం పగిలింది.

"సబ్బు పడలేదేమో, మార్చి చూడు" అన్నాడు తళుకు.

సబ్బు మార్చింది, తగ్గలేదు. ముదురురంగు ఉన్ని గుడ్డల అద్దకం పడటం లేదనుకుని, అవి కుట్టడం మానేసింది. ఆ గుడ్డలు తెచ్చేవాళ్ళు వేరే చోటికి పోయారు. మరదలు పొద్దునే వచ్చి అక్కకి గిన్నెలు తోమిపెట్టి వెళ్ళేది. దురద ఆగలేదు. మిషను మీద కూర్చున్నప్పుడు ఆవిడ వేళ్ళను చీర అంచుకేసి రుద్దుకుంటూ ఉండేది. ఆ చప్పుడు పక్కగదిలోకి వినపడేది.

ఆ పొక్కులు తళుకుకి కొత్తవి కావు. అతనికి పని నేర్పిన పెద్దమేస్త్రి చేతులు ఇలాగే ఉండేవి. వేళ్ళ సందుల్లో ఇవే పొక్కులు, ఇవే పగుళ్ళు. కార్ఖానాలో దాన్ని నికిల్ దురద అనేవాళ్ళు. పాపం మేస్త్రి చివరికి తొట్ల దగ్గర నిలబడలేక గేటు దగ్గర కాపలాకి మారిపోయాడు. భార్య బొటనవేలు మొదటిసారి చూసినప్పుడే తళుకుకి ఆ చేతులు గుర్తొచ్చాయి. కానీ వెంటనే సర్దిచెప్పుకున్నాడు. మేస్త్రి నికిల్ నీళ్ళలో చేతులు పెట్టేవాడు, ఇది పొడిలోహం, పైగా తన చేతి పూత, దీనివల్ల ఏమవుతుంది?

అంతటితో ఊరుకున్నా బాగుండేది. కత్తెర పిడిలో ఆవిడ బొటనవేలు ఆనేచోట మెరుపు పోయి ఇనుము కనపడుతోంది. చెమటకి పూత కొంచెం కొంచెంగా కరిగి ఆవిడ చర్మంలోకే పోయిందని అతనికి అర్థమయ్యే ఉండాలి. అయినా, "పాతబడింది, ఇటియ్యి" అని పట్టుకెళ్ళి, ఈసారి ఇంకాస్త మందంగా పూసి తెచ్చాడు. ఆవిడ సంతోషంగా అందుకుంది.

చివరికి మరదలే పోరుపెట్టి అక్కని చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. తళుకు కూడా వెళ్ళాడు. ఒంటికి ఏది పడదో తేల్చడానికి వీపు మీద రకరకాల పదార్థాలు పూసిన పట్టీలు అంటించి పంపి, మళ్ళీ రమ్మన్నారు. తీసి చూస్తే ఒక్కచోట కాలినట్టు ఎర్రగా పొంగింది.

"మీకు నికిల్ పడదమ్మా" అంది డాక్టరు. "ఒకసారి ఒంటికి ఎక్కిందంటే ఇక వదలదు. తగలకుండా చూసుకోవడమే. నికిల్ పూత ఉన్నవి ఏం పట్టుకుంటుంటారు?"

భార్య తల తిప్పి అతనివైపు చూసింది. అతను గోడమీద గడియారం చూస్తున్నాడు.

బస్సులో ఇంటికి వస్తుంటే ఆవిడే నోరు విప్పింది. "మీరేం చేస్తారు? మంచికే చేశారు. మీకు మాత్రం ఏం తెలుసు, పాపం!"

తిడితే పడేవాడు. ఆ "పాపం" మాత్రం పడలేకపోయాడు. తెలుసు అని చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు. దిగాల్సిన చోటొచ్చింది, దిగారు.

మర్నాడు వేలి టోపీని పారేసి, కత్తెరను కార్ఖానాకి తీసుకెళ్ళి కరెంటు తిరగేసి పెట్టి నికిల్ మొత్తం వదలగొట్టాడు. అడుగున పాత ఇనుము బయటపడింది. దాన్ని అలాగే ఇస్తే చెమటకి తుప్పుపట్టి తెల్లగుడ్డలకి మరకలు చేస్తుంది. జింకు పూస్తే కొన్నాళ్ళకి తెల్లటి పొడి రాలుతుంది. నల్లబరిచి నూనె పట్టిస్తే ఆ నూనె గుడ్డకంటుతుంది. పైన వార్నిష్ వేస్తే వేలి రాపిడికి నిలవదు. క్రోమియం వేద్దామంటే, నిలబడాలంటే దాని కింద మళ్ళీ నికిలే ఉండాలి. ఇన్నాళ్ళూ పక్క షెడ్డులో పొడిరంగు చల్లి పొయ్యిలో కాల్చేవాళ్ళను అతను వెక్కిరించేవాడు, "ఇనుముకి చొక్కా తొడుగుతున్నారా?" అని. ఇప్పుడు వాళ్ళ దగ్గరికే వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కాలిస్తే కత్తి పదును కొంచెం మెత్తబడుతుంది, పర్లేదా?" అని అడిగాడు ఆ షెడ్డు అతను.

"సాన నేను పట్టుకుంటాను. పిడి మాత్రం ఎక్కడా ఇనుము కనపడకుండా మూసెయ్."

నీలంరంగు పిడితో కత్తెర ఇంటికొచ్చింది. మరదలు కూడా అక్కడే ఉంది. భార్య వేళ్ళు దూర్చి చూసుకుని, "చల్లగా లేదు, హాయిగా ఉంది" అంది. అప్పుడు చెప్పాడు, నిలబడే చెప్పాడు. మేస్త్రి చేతుల సంగతి, మొదటిరోజే తనకు అనుమానం వచ్చిన సంగతి, తెలిసీ రెండోసారి పూసిన సంగతి.

మరదలు మెల్లగా లేచి బయటికి పోయింది.

"తెలిసీ ఎందుకు పూశారు?" అంది భార్య.

"ఒప్పుకుంటే నా పనే తప్పని ఒప్పుకున్నట్టవుతుందని."

"ఆ ఉన్ని కోట్లవాళ్ళందరినీ నేనే వెళ్ళగొట్టుకున్నాను. అద్దకాన్ని తిట్టాను, సబ్బుని తిట్టాను, నా ఒంటిని తిట్టుకున్నాను. మీరు పక్కనే ఉండి వింటూ ఊరుకున్నారు."

చాలాకాలం ఆవిడ అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు. పగుళ్ళు మాత్రం ఒక్కొక్కటే మానాయి. కానీ డాక్టరు అన్నట్టే అయింది. గుండుసూది పట్టుకున్నా, జిప్పు తగిలినా, కోటు హుక్కులు కుట్టినా మళ్ళీ ఎర్రబడేది.

తళుకు ఒకరోజు యజమానిని అడిగి నికిల్ తొట్ల దగ్గర్నుంచి జింకు వైపుకి మారిపోయాడు. అక్కడ బోల్టులూ మేకులూ తప్ప మెరిసే సరుకుండదు. ఇంటికొచ్చి ఆ మాట ఆవిడకి చెప్పాడు, ఏదో మొక్కు తీర్చుకున్నవాడిలా.

"మీరక్కడికి మారితే నా వేళ్ళకి ఒరిగిందేంటి?" అంది ఆవిడ. "మీ శిక్ష మీరే వేసుకుని, అది నేను చూసి జాలిపడాలా? అంత బాధగా ఉంటే వచ్చి ఈ హుక్కులు కుట్టండి."

కూర్చున్నాడు. లోహం నాడి తెలిసిన ఆ చేతులకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాలేదు. మొదటి కోటుకి కుట్టిన హుక్కులు వంకరపోయాయి. ఆవిడ ఊడదీయించి మళ్ళీ కుట్టించింది. ఆ తర్వాత సాయంత్రాలు హుక్కులు, ప్రెస్ బటన్లు, జిప్పులు అతని వంతయ్యాయి. ఉన్ని కోట్లవాళ్ళలో కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు.

ఇప్పుడు మాటలు బాగానే సాగుతున్నాయి. మరదలు వచ్చినప్పుడు నవ్వులూ వినపడతాయి. అయినా, ఎప్పుడైనా ఆవిడ మరిచిపోయి గుండుసూదుల డబ్బా వైపు చెయ్యి చాపితే, తళుకు గబుక్కున దాన్ని తనవైపు లాక్కుంటాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. ఆ క్షణంలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు.